పెడల్ హార్ప్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: హార్ప్‌కు నలభై ఏడు తీగలుంటాయి, కింద పెడళ్ళు మాత్రం ఏడే. అన్ని తీగలకు ఏడు ఎలా సరిపోతాయి? అసలు ఆ పెడళ్ళు చేసే పనేంటి?

జవాబు: పెడల్ ఒక తీగకు కాదు, ఒక స్వరానికి. పాశ్చాత్య సంగీతంలో సప్తస్వరాల పేర్లు సి, డి, ఇ, ఎఫ్, జి, ఎ, బి. సి పెడల్ నొక్కితే హార్ప్ మీదున్న సి తీగలన్నీ ఒకేసారి మారతాయి. అందుకే ఏడు చాలు. మినహాయింపు చాలా హార్ప్‌లలో అడుగున ఉండే రెండు లావు తీగలు, సి, డి. వాటికి మెకానిజం ఉండదు. ఆ పాటకు ఏం కావాలో చూసుకుని బిరడా తిప్పి ముందే శ్రుతి చేసుకోవాలి. చిట్టచివరి సన్న తీగ, పైన జి, కూడా చాలా మోడళ్ళలో ఇలాంటిదే.

కూర్చున్నవారి ఎడమ పాదానికి డి, సి, బి. కుడి పాదానికి ఇ, ఎఫ్, జి, ఎ. ఒక్కో పెడల్‌కు పీఠంలో మూడు గాళ్ళు. పైగాడిలో ఉంటే ఆ స్వరం ఫ్లాట్ (ఒక స్వరస్థానం కింద), నడిమి గాడిలో నేచురల్ (అసలు స్వరం), అడుగు గాడిలో షార్ప్ (ఒక స్వరస్థానం పైన). ప్రతి గాడికీ ఒక స్వరస్థానం పెరుగుతుంది. పెడల్ నుంచి ఒక కడ్డీ ముందున్న స్తంభం లోపలి నుంచి పైకి వెళ్ళి, మెడలో ఇత్తడి పలకల మధ్య ఉన్న లింకులను లాగుతుంది. స్తంభాన్ని చాలామంది అలంకారం అనుకుంటారు. అది బోలుగా ఉంటుంది, లోపల ఏడు కడ్డీలు నడుస్తుంటాయి, పైగా తీగల లాగుడికి మెడ కిందికి వంగకుండా మోసేదీ అదే.

కళ్ళకు గుర్తు దొరకాలని సి తీగలకు ఎరుపు, ఎఫ్ తీగలకు నలుపు లేదా నీలం రంగు వేస్తారు.

ప్రశ్న: పెడల్ హార్ప్‌ను మొదట ఎవరు కనిపెట్టారు? దానికి ముందు వాయించేవాళ్ళు స్వరం ఎలా మార్చుకునేవారు?

జవాబు: 17వ శతాబ్దం చివర్లో ఆల్ప్స్ కొండల్లోని టైరోల్ ప్రాంతంలో కొక్కేల హార్ప్ ఉండేది. మెడ మీద ప్రతి తీగ పక్కన ఒక చిన్న కొక్కెం ఉండేది. దాన్ని చేత్తో తిప్పితే తీగ కాస్త కురచై, ఒక స్వరస్థానం పైకి పోయేది. చిక్కంతా చేతులతోనే. వాయించే రెండు చేతుల్లో ఒకటి తీగ వదిలేసి కొక్కెం దగ్గరికి వెళ్ళాలి. పైగా ఒక కొక్కెం తిప్పితే ఒక తీగే మారుతుంది, మిగతా స్థాయిల్లోని అదే స్వరం ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఆ పనిని పాదాలకు అప్పగించినవాడుగా చరిత్రలో నిలిచింది బవేరియాలోని డోనావర్త్ పట్టణపు వాద్యశిల్పి యాకోబ్ హోఖ్‌బ్రుకర్. మొదట ఐదు పెడళ్ళు, 1720 నాటికి ఏడు. ఒక్కో పెడల్‌కు ఒకటే అడుగు: ఉన్న స్వరం, దాని పై స్వరస్థానం. అందుకే దాన్ని సింగిల్ యాక్షన్ అంటారు.

దాన్ని మామూలుగా ఇ ఫ్లాట్ మేజర్‌లో శ్రుతి చేసేవారు, అంటే ఇ ఫ్లాట్ నుంచి మొదలయ్యే, మన శంకరాభరణం లాంటి స్వరవరసలో. అక్కడి నుంచి ఇ ఫ్లాట్, బి ఫ్లాట్, ఎఫ్, సి, జి, డి, ఎ, ఇ అనే ఎనిమిది మేజర్ శ్రుతులు వస్తాయి. తొమ్మిదోది రాదు. ఎ ఫ్లాట్ మేజర్ తీసుకోండి. అందులో సి కావాలి, డి ఫ్లాట్ కూడా కావాలి. డి తీగ డి దగ్గర మొదలై పైకి డి షార్ప్‌కే పోతుంది, కిందికి దిగదు. సి పెడల్ నొక్కితే సి షార్ప్ వస్తుంది, చెవికి అదే డి ఫ్లాట్. కానీ నొక్కిన మరుక్షణం సి తీగలన్నీ షార్ప్ అయిపోతాయి, సి మిగలదు. మోట్సార్ట్ 1778లో ప్యారిస్‌లో రాసిన ఫ్లూట్, హార్ప్ కచేరీ రచన సి మేజర్‌లో ఉంది. ఆనాటి హార్ప్‌కు ఆ శ్రుతి సుళువుగా అందుతుంది.

ప్రశ్న: పెడల్ హార్ప్ అనగానే ఎరార్ పేరే చెబుతారు. నిజంగా అంత ఘనత ఆయనదేనా? ముందున్నవాళ్ళ పని ఏమైంది?

జవాబు: ఎరార్‌ది చివరి మెట్టు, చాలా పెద్ద మెట్టు. కానీ ముందున్నవాళ్ళు చేసి చూపిన తప్పులు, ఒప్పులు రెండూ ఆయన చేతికి అందాయి. ముఖ్యంగా ప్యారిస్‌లోని కుజినో తండ్రీకొడుకులకు దక్కాల్సిన పేరు దక్కలేదని మా అభిప్రాయం.

అసలు సమస్య ఒక్కటే: తీగను గాయపరచకుండా, దాని వరస చెదరకుండా, సరిగ్గా ఒక స్వరస్థానం మేర కురచ చేయడం. మెట్లున్న వాయిద్యంలో ఆ పని వేలు చేస్తుంది. హార్ప్‌లో ఒక లోహపు ముక్క చేయాలి.

హోఖ్‌బ్రుకర్ పద్ధతిలో పెడల్ నొక్కగానే కొక్కెం తీగను పట్టి మెడ వైపుకు లాగుతుంది. ఇందులో మూడు ఇబ్బందులు. లాగిన తీగ పక్క తీగల వరస నుంచి లోపలికి జరుగుతుంది, వేలు దాన్ని వెతుక్కోవాలి. లాగినప్పుడు బిగువు కూడా పెరుగుతుంది కాబట్టి స్వరం అనుకున్నదానికంటే కాస్త ఎక్కువకు పోతుంది. కొక్కెం అంచు ఒకే చోట రాసుకుని అక్కడే తీగ తెగుతుంది. నాలుగోది చెక్కకు సంబంధించింది. మెకానిజం అంతా మెడ లోపల దాచేవారు, దానికోసం మెడను తొలిచేవారు. ఎక్కువ బలం కావలసిన చోటే చెక్క తక్కువయ్యేది.

1780లలో జార్జ్ కుజినో, ఆయన కొడుకు జాక్ జార్జ్ కొక్కేన్ని వదిలేశారు. తీగకు అటొకటి ఇటొకటి, చేతికర్ర పిడి ఆకారంలో వంగిన రెండు చిన్న లోహపు ముక్కలు పెట్టారు. పెడల్ నొక్కితే రెండూ ఎదురెదురు దిక్కుల్లో తిరిగి తీగను మధ్యలో పట్టుకుంటాయి. తీగ ఉన్న వరసలోనే ఉంటుంది. వాళ్ళు అక్కడితో ఆగలేదు. రెండు వరసలుగా పద్నాలుగు పెడళ్ళ హార్ప్ కూడా చేశారు, అంటే ఒక్కో స్వరానికి రెండేసి మెట్లు. ఆలోచన సరైనదే. పాదాలకు మాత్రం పద్నాలుగు పెడళ్ళు మోయలేని భారమయ్యాయి.

అదే కాలంలో ప్యారిస్‌లో జాన్ ఆన్రీ నాదర్మాన్ పేరున్న తయారీదారు. హార్ప్ విద్వాంసుడు క్రుంఫోల్ట్స్ ఆలోచన ప్రకారం ఆయన ఎనిమిదో పెడల్ అమర్చాడు. అది స్వరాన్ని మార్చదు, శబ్దం మోగే వెనక పెట్టెకున్న తలుపుల్ని తెరిచి మూసి శబ్దాన్ని పెంచుతుంది, తగ్గిస్తుంది. ఆ తలుపులు తర్వాతి కాలంలో నిలవలేదు.

సెబాస్టియన్ ఎరార్ 1752లో స్ట్రాస్‌బుర్గ్‌లో పుట్టాడు. ప్యారిస్‌లో పియానోల తయారీతో పైకొచ్చి, ఫ్రెంచి విప్లవం వేళ లండన్‌కు మారాడు. 1794లో అక్కడ తీసుకున్న పేటెంట్‌లో ఇప్పుడు మనం హార్ప్ మెడ మీద చూసే ఇత్తడి బిళ్ళ ఉంది. బిళ్ళ మీద రెండు చిన్న మేకులు. పెడల్ పైనుంటే తీగ ఆ రెండిటి మధ్య నుంచి తాకకుండా పోతుంది. నొక్కితే బిళ్ళ తిరిగి, ఒక మేకు ఎడమ నుంచి, ఒక మేకు కుడి నుంచి తీగను నొక్కుతాయి. రెండు ఒత్తిళ్ళూ ఎదురెదురు కాబట్టి తీగ పక్కకు జరగదు. ఒక ఇరుసు, ఒక బిళ్ళ, రెండు మేకులు, అంతే. మెకానిజాన్ని ఆయన మెడ లోపలి నుంచి తీసేసి, మెడకు బిగించిన రెండు ఇత్తడి పలకల మధ్య పెట్టాడు. మెడ చెక్కకు దాని బలం దానికి మిగిలింది.

1810లో వచ్చిన డబుల్ యాక్షన్ దీనికి కొనసాగింపు. ఒక్కో తీగకు రెండు బిళ్ళలు, పెడల్‌కు రెండు మెట్లు. శ్రుతి ఇ ఫ్లాట్ నుంచి సి ఫ్లాట్ మేజర్‌కు మారింది, అంటే ఏ బిళ్ళా పట్టనప్పుడు ఏడు స్వరాలూ ఫ్లాట్. పెడల్ నడిమి గాడికి దించితే పై బిళ్ళ తిరిగి తీగను పడుతుంది. కింది బిళ్ళ కూడా అప్పుడే కొంత తిరుగుతుంది కానీ తీగను తాకదు. అడుగు గాడికి దించితే అది మిగతా దూరం తిరిగి పట్టేస్తుంది. మీ ముందు హార్ప్ ఉంటే సి పెడల్‌ను చాలా నెమ్మదిగా దించుతూ ఏదో ఒక ఎర్ర తీగ బిళ్ళల వైపే చూడండి. రెండు శతాబ్దాల కిందటి ఆలోచన మొత్తం ఆ రెండు అంగుళాల్లో కనిపిస్తుంది. దీంతో పదిహేను మేజర్ శ్రుతులూ అందాయి.

కొలత ఎంత సూక్ష్మమో అంకెల్లో చూడండి. తీగ పొడవు 100 సెంటీమీటర్లయితే మొదటి బిళ్ళ పై కొన నుంచి 5.6 సెంటీమీటర్ల దగ్గర పట్టాలి, రెండోది అక్కడి నుంచి ఇంకో 5.3 దగ్గర. ఇక్కడ అర మిల్లీమీటరు తేడా వస్తే స్వరస్థానంలో నూరో వంతు కూడా మారదు, ఎవరి చెవికీ తెలియదు. అదే 7 సెంటీమీటర్ల సన్న తీగలో మొదటి బిళ్ళ స్థానం 4 మిల్లీమీటర్ల లోపు. అక్కడ అర మిల్లీమీటరు తప్పితే స్వరస్థానంలో నూటికి పదమూడు వంతులు పోతుంది, అపస్వరమని ఎవరైనా చెబుతారు. ఇలాంటి కొలతలు డజన్ల కొద్దీ తీగల్లో, రెండేసి చోట్ల, హార్ప్ తర్వాత హార్ప్‌లో తప్పకుండా నిలబెట్టాలి. ఎరార్ ఘనత ఆలోచనలో ఎంతుందో, వర్క్‌షాప్‌లో ఆ కొలతను నిలబెట్టడంలోనూ అంతే ఉంది.

ప్రశ్న: పెడళ్ళు లేకుండా పన్నెండు స్వరస్థానాలకూ తీగలు పెట్టేస్తే సరిపోయేది కదా?

జవాబు: పెట్టారు. ప్యారిస్‌లో ప్లెయెల్ సంస్థ 1890లలో గుస్తావ్ లియోన్ రూపకల్పనతో క్రోమాటిక్ హార్ప్ తెచ్చింది. రెండు వరసల తీగలు మధ్యలో ఒకదాన్నొకటి దాటుతూ వెళ్తాయి. ఆ హార్ప్ కోసమే ప్లెయెల్ ఫ్రెంచి స్వరకర్త దెబుసీ చేత 1904లో రెండు నృత్యాల రచన చేయించింది. జవాబుగా ఎరార్ సంస్థ మరో ఫ్రెంచి స్వరకర్త రావెల్‌ను అడిగి, పెడల్ హార్ప్ గొప్ప చూపించే రచన 1905లో రాయించుకుంది. ఇప్పుడు ఆ రెండు రచనలనూ వాయించేది పెడల్ హార్ప్ మీదే.

క్రోమాటిక్ హార్ప్ వెనకబడటానికి ఒక కారణం తీగల బరువు. అన్ని తీగల లాగుడుకు ఆగాలంటే పెట్టె బలంగా ఉండాలి, బలంగా ఉన్న ముందు పలక (తీగలు బిగించి ఉండే చెక్క) అంత సులువుగా కంపించదు. ఇంకో కారణం గ్లిస్సాండో, అంటే తీగల మీదుగా వేలు జారుస్తూ వాయించడం. పెడల్ హార్ప్‌లో వేర్వేరు తీగలను ఒకే స్వరానికి తేవచ్చు. బి షార్ప్, సి ఒకటే. డి షార్ప్, ఇ ఫ్లాట్ ఒకటే. ఎఫ్ షార్ప్, జి ఫ్లాట్ ఒకటే. ఎ ఒంటరిగా ఉంటుంది. పెడళ్ళు అలా పెట్టి చెయ్యి జారిస్తే ఏడు తీగల్లో నాలుగే స్వరాలు మోగుతాయి, పరాయి స్వరం ఒక్కటీ దొర్లదు. పన్నెండు స్వరాలూ విడివిడిగా ఉన్న హార్ప్ మీద ఇది కుదరదు.

ప్రశ్న: ఇప్పుడు మంచి పెడల్ హార్ప్‌లు తయారుచేసేది ఎవరు?

జవాబు: షికాగోలో లయన్ అండ్ హీలీ 1889లో మొదటి హార్ప్ చేసింది. పెద్ద హాళ్ళకు తగ్గట్టు పెట్టెనూ పలకనూ పెంచి, చట్రాన్ని బలపరిచింది. విక్టర్ సాల్వి షికాగోలో పుట్టిన హార్ప్ వాద్యకారుడు. 1950లలో న్యూయార్క్‌లో తయారీ మొదలుపెట్టి తర్వాత ఇటలీకి మారాడు. పియాస్కో ఊళ్ళో ఆయన కార్ఖానా, దాని పక్కన హార్ప్‌ల మ్యూజియం ఉన్నాయి. 1980లలో లయన్ అండ్ హీలీ కూడా సాల్వి చేతికే వచ్చింది. ఫ్రాన్స్‌లో మూజెయ్ దగ్గర 1972లో మొదలైన కామాక్ స్తంభంలోని కడ్డీల బదులు కేబుళ్ళు వాడుతుంది. జపాన్‌లో అవొయామా, జర్మనీలో హోర్న్‌గాఖర్ పేరున్నవి. బిళ్ళల పద్ధతి అందరిదీ ఒకటే, అది ఎరార్‌దే.

ప్రశ్న: మా హార్ప్‌కు ముందు పలక కాస్త ఉబ్బినట్టు కనిపిస్తోంది. పాడైపోయిందా?

జవాబు: కొంత ఉబ్బు ఉండాల్సిందే. కచేరీ హార్ప్‌లో తీగలన్నీ కలిసి పలకను సుమారు 900 కిలోల బలంతో లాగుతుంటాయి. పలక స్ప్రూస్ చెక్క, సన్న తీగల దగ్గర రెండు మూడు మిల్లీమీటర్లు, లావు తీగల దగ్గర సుమారు పది. చెక్క నారలు అడ్డంగా పోతాయి. మధ్యలో గట్టి చెక్క పట్టీ తీగల లాగుడును పంచుతుంది. తీగలు ఎక్కిన తొలి ఏళ్ళలో పలక కొంత పైకి లేచి ఆగుతుంది.

భయపడాల్సినవి వేరే. పలక అంచు పెట్టె నుంచి విడిపోతూ జిగురు గీత నల్లగా కనిపించడం. మధ్య పట్టీ పక్కన పొడవునా చీలిక. మెడ మెలితిరగడం. తీగలన్నీ మెడకు ఎడమ పక్కనే ఉంటాయి, కాబట్టి లాగుడు ఎప్పుడూ ఒకే వైపు. ఏళ్ళు గడిచేకొద్దీ మెడ ఆ వైపు ఒరుగుతుంది, బిళ్ళల మేకుల మధ్య తీగలు నడిమధ్యన కాక ఒక పక్కకు రాసుకుంటూ పోతాయి. పైనుంచి చూస్తే తెలుస్తుంది. ఉబ్బు ఆగిందో లేదో కంటితో అంచనా వేయకండి. పలకకు అడ్డంగా ఒక తిన్నని స్కేలు పెట్టి, అంచుల దగ్గర సందు కొలిచి తేదీ వేసి రాసుకోండి. ఆరు నెలలకు మళ్ళీ కొలవండి.

గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంచండి. ఎండిన గాలి పలకను చీలుస్తుంది, తేమ గట్ తీగల్ని (జంతువుల పేగుతో చేసినవి) తెంపుతుంది.

ప్రశ్న: వాయిస్తుంటే జుయ్‌మని మోత వస్తోంది. ఎక్కడి నుంచో తెలియడం లేదు.

జవాబు: ముందు పెడళ్ళతో వెతకండి. మోత వచ్చే తీగ పెడల్‌ను ఫ్లాట్‌కు ఎత్తండి. మోత ఆగిందా? అయితే బిళ్ళలదే తప్పు. నేచురల్‌లో మాత్రమే వస్తే పై బిళ్ళ గట్టిగా పట్టడం లేదు, షార్ప్‌లో మాత్రమే వస్తే కింది బిళ్ళ.

తర్వాత అదే స్వరం ఉన్న మిగతా తీగలు వినండి. ఒక్క తీగలోనే ఉంటే ఆ బిళ్ళను టెక్నీషియన్ సరిచేయాలి. అన్ని స్థాయిల్లోనూ వస్తుంటే బిళ్ళల జోలికి వెళ్ళకండి, తప్పు పెడల్ దగ్గర ఉంది. పెడల్ చుట్టూ ఉండే ఫెల్ట్ గుడ్డ అరిగితే కడ్డీ ప్రయాణం మారిపోతుంది, బిళ్ళలన్నీ సగం తిరిగి ఆగుతాయి. పెడల్‌ను గాడిలో పాదంతో నొక్కి పట్టుకుని వాయించండి. మోత పోతే ఫెల్టే మార్చాలి.

మూడు స్థానాల్లోనూ వస్తుంటే పెట్టె వెనక చెయ్యి పెట్టి చూడండి. ముడి దగ్గర మిగిలిన తీగ కొస పలకను తాకుతూ ఉంటుంది, చాలాసార్లు దోషం అక్కడే. కొస కత్తిరిస్తే సరి. అదీ కాకపోతే వదులైన స్క్రూ, స్తంభంలో రాసుకుంటున్న కడ్డీ. హార్ప్‌ను ఇంకో గదిలో పెట్టి కూడా వాయించి చూడండి. కిటికీ అద్దం మోతను హార్ప్‌కు అంటగట్టడం మామూలే.

ఫెల్టులు, బిళ్ళలు సరిచూసే రెగ్యులేషన్ ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి చేయించాలి. వాయించడం అయ్యాక పెడళ్ళన్నీ ఫ్లాట్‌లో వదిలేయండి, స్ప్రింగుల మీద భారం ఉండదు.

ప్రశ్న: తెగిన తీగను సొంతంగా మార్చుకోవడం ఎలా? కొత్తది కూడా వెంటనే తెగుతోంది.

జవాబు: తెగిన చోటు చూడకుండా పాత తీగ పారేయకండి. బిళ్ళ దగ్గర తెగితే మేకు అంచు పదునెక్కింది. పలక రంధ్రం దగ్గర తెగితే అక్కడి గొట్టం అంచు గరుకుగా ఉంది. బిరడా దగ్గర తెగితే చుట్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆ చోటు బాగుచేయకుండా తీగ మారిస్తే మళ్ళీ అక్కడే తెగుతుంది.

తీగ సైజు తప్పకూడదు. కొత్త తీగ పాకెట్ మీద ఉండే స్థాయి సంఖ్య, స్వరం పేరు సరిచూసుకోండి. పై స్థాయిల్లో నైలాన్, నడుమ గట్, అడుగున లోహం చుట్టిన పన్నెండు తీగలు ఉంటాయి. పెడళ్ళు ఫ్లాట్‌కు ఎత్తి, కొత్త తీగను రంధ్రంలోంచి వెనక్కి తోసి ముడి వేయండి. సన్న తీగ ముడిలో పాత లావు గట్ తీగ ముక్క, సెంటీమీటరున్నర పొడవుది, అడ్డు పెట్టాలి. లేకపోతే ముడి రంధ్రంలోంచి జారి వచ్చేస్తుంది. తీగను పైకి లాగి ముడి కూర్చోబెట్టి, రెండు బిళ్ళల మేకుల మధ్య నుంచి పోనిచ్చి, బ్రిడ్జి మేకు (మెడ మీద తీగ పై కొనను ఆనించే మేకు) మీదుగా బిరడా రంధ్రంలోకి ఎక్కించండి. లావు గట్‌కు రెండు మూడు చుట్లు, నైలాన్‌కు మూడు నాలుగు చుట్లు పడేలా వదులు ఉంచుకోండి.

ఒక్క ఊపున శ్రుతికి బిగించకండి. స్వరం కన్నా కాస్త కింద ఆపి, కొద్దిసేపు ఆగి మళ్ళీ పెంచండి. గట్ కొన్ని రోజుల్లో కుదురుకుంటుంది, నైలాన్‌కు వారం పైనే పడుతుంది. కుదురుకున్నాకే కొస కత్తిరించండి. ట్యూనర్ యంత్రం వాడేవారికి ఒక మాట: అది సి ఫ్లాట్‌ను బి అనీ, ఎఫ్ ఫ్లాట్‌ను ఇ అనీ చూపిస్తుంది. అది తెలియక సి తీగను సి దాకా బిగించి తెంపుకునేవాళ్ళు ఉన్నారు.

ప్రశ్న: పాత హార్ప్ ఒకటి దొరికింది. ఇత్తడి పలక మీద ఎరార్ అని చెక్కి ఉంది. కొత్త తీగలు వేసి వాయించవచ్చా?

జవాబు: తీగకు ఎన్ని బిళ్ళలో ముందు లెక్కపెట్టండి. ఒకటే ఉంటే సింగిల్ యాక్షన్, రెండుంటే 1810 తర్వాతిది. ఇత్తడి పలక మీద సంస్థ చిరునామా, ఒక క్రమసంఖ్య కూడా ఉంటాయి. లండన్‌లో చేసినదైతే ఆ సంఖ్య ముఖ్యం. ఆ శాఖ అమ్మకాల లెడ్జర్లు లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో భద్రంగా ఉన్నాయి, సంఖ్యను బట్టి హార్ప్ వివరాలు దొరికే అవకాశం ఉంది.

ఇప్పటి కచేరీ తీగలు మాత్రం వేయవద్దు. ఆనాటి హార్ప్‌లు సన్నని గట్ తీగలకు, తక్కువ బిగువుకు కట్టినవి. నేటి లావు తీగలు ఎక్కిస్తే పలక మధ్యలో చీలుతుంది, లేదా మెడ స్తంభం నుంచి ఊడుతుంది. తీగలు లేకుండా ఉంటే అలాగే ఉంచండి. ఉన్న పాత తీగల ముక్కలను పారేయకుండా, మైక్రోమీటరుతో మందం కొలిచి ఏ స్థానంలోదో రాసిపెట్టండి. ఇత్తడికి మెరుగు పెట్టకండి, పాలిష్ పేస్టు ఇరుసుల్లో చేరి బిళ్ళలు బిగుసుకుంటాయి. పాత హార్ప్‌లు బాగుచేసే శిల్పి చూశాక, ఆ మందాలకు సరిపోయే తేలికపాటి తీగలు వేయించి, మొదట సగం బిగువులో కొన్ని వారాలు ఉంచి, పలక ఎత్తు కొలుస్తూ మెల్లగా పెంచుకోవాలి.